తీసెయ్ అన్న మాట

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు వెతుక్కునే శ్రమ ఉండదు. చిన్నప్పుడు ఇల్లందులో పక్కింటి పిల్ల జడ నా జడకంటే పొడుగ్గా ఉందని దానితో మాట్లాడ్డం మానేశాను. పెద్దయ్యాక తగ్గుతుందిలే అన్నారు ఇంట్లో. తగ్గలేదు. నాతోపాటే చదువుకుంది, నాతోపాటే ఉద్యోగంలో చేరింది.

ఉద్యోగం న్యూట్రాన్ల కేంద్రంలో. టేకులపల్లి దాటాక అడవిలోకి చీలే రోడ్డు చివర ఉంటుంది. బస్సులో పక్క సీటువాళ్ళు నా మెడలోని కార్డు చూసి, "ఆడ ఏం తయారు జేస్తరమ్మా, బాంబులా?" అని అడుగుతారు. బాంబులు కాదు. ఒక పొడవాటి గొట్టంలో ప్రోటాన్లను పరుగెత్తించి బరువైన లోహపు దిమ్మకు కొడతారు. ఆ దెబ్బకు న్యూట్రాన్లు చెల్లాచెదురుగా ఎగురుతాయి. వాటితో శాస్త్రవేత్తలు ఇనుములో కంటికి కనపడని పగుళ్ళూ, మందుబిళ్ళల్లోని అల్లికలూ చూస్తారు. ఆ చూసేవాళ్ళు వేరే భవనంలో ఉంటారు, శుభ్రంగా, ఏసీలో. మేం దిమ్మవైపు వాళ్ళం.

దెబ్బలు తిని తిని దిమ్మ పాడవుతుంది. అప్పుడు యంత్రం మొత్తం ఆపి దాన్ని మార్చాలి. మార్చడం అంటే బండి టైరు మార్చడం కాదు. దిమ్మ ఉండే పాత్రలోనూ, దాని గొట్టాల్లోనూ రేడియోధార్మిక గ్యాసు పేరుకుని ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. పాత్ర మూత విప్పేముందే ఆ గ్యాసును మెల్లగా లాగి నిలవ ట్యాంకులోకి పంపాలి. అక్కడ దాని పస దానంతటదే తగ్గుతుంది. ఆర్గాన్‌కు ఒక రోజు చాలు. జెనాన్ వారాల తరబడి బిగుసుకుని కూర్చుంటుంది. పస చచ్చాక బొగ్గు వడపోతల గుండా కొంచెం కొంచెంగా పొగగొట్టంలోకి వదలాలి. పొగగొట్టానికి ఒక మీటరు ఉంటుంది, ఆ మీటరు చూపించే ప్యానెల్ ముందు నేనుంటాను. లాగడం, నిలవపెట్టడం, వదలడం, ఎక్కడా తొందరపడకపోవడం. ఇదే నా పని. ఇంట్లో క్షణం ఆగలేని మనిషికి ఆగినందుకు జీతం ఇస్తున్నారని మా ఆయన వెక్కిరిస్తాడు.

మా ఆయన దిమ్మ మార్చే జట్టులో పెద్ద ఫిట్టరు. పసుపు సూటు తొడుక్కుని, మాస్కు పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళేది ఆయనే. ఆయనతోపాటు లోపలికి వెళ్ళేది ఆమె.

ఆమె టేకులపల్లి దగ్గరి తండా పిల్ల. పిల్ల అని నేనంటాను గానీ ఇద్దరు బిడ్డల తల్లి. మొగుడు మిర్చి వేస్తాడు. ఐటీఐలో ఫిట్టరు చదివి, కాంట్రాక్టు మీద మా కేంద్రంలో చేరి, లోపలి గది పనిలో మగవాళ్ళ చేత కూడా ఔరా అనిపించుకుంది. స్కూటీ మీద వస్తుంది. ఎప్పుడూ నవ్వుతుంది. ఆ నవ్వు నాకు మొదటిరోజే గిట్టలేదు. మా ఆయనను అన్నా అని పిలుస్తుంది, నన్నేమో అక్కా అంటుంది. అన్న పెళ్ళాం వదిన కావాలి గదా! ఆ వరస ఎందుకు తప్పిందా అని నేను చాలాకాలం ఆలోచించాను. కేంద్రంలో వంటావిడ దగ్గర్నుంచి డాక్టరమ్మ దాకా అందరినీ అక్కా అనే అంటుందని తెలిశాక కూడా ఆలోచించడం మానలేదు.

తప్పుగా అనుకోకండి. వాళ్ళ మధ్య అలాంటిదేమీ లేదు. ఉంటే ఒక రకంగా బాగుండేది, తిట్టడానికి నోటికి ఒక మాట దొరికేది. వాళ్ళ మధ్య ఉన్నది పని. పని మీద అసూయ పడే పెళ్ళాన్ని ఎవరూ జాలిగా చూడరు.

అన్నిటికంటే నా కడుపు మండించింది డోసు తెర. లోపలికి వెళ్ళే ప్రతి మనిషి ఛాతీకి చిన్న మీటరు తగిలిస్తారు. బయటికొచ్చాక ఎవరి ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో గోడమీది తెరపై వస్తుంది. హద్దుకు ఎంతో కిందే ఉంటుంది, భయపడాల్సిందేమీ లేదు. కానీ ఆయన పేరు, దానికిందే ఆమె పేరు, రెండింటి ఎదురుగా ఇంచుమించు ఒకే అంకె. నా పేరు ఎదురుగా ఎప్పుడూ సున్నా. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయనకు వచ్చిందల్లా నాకూ వచ్చింది. ఆయన చికెన్‌గున్యా తెచ్చుకుంటే నేనూ మంచమెక్కాను. ఇదొక్కటి మాత్రం ఆమెతో పంచుకుంటున్నాడు.

ఒకసారి తెర ముందే అడిగేశాను. "నీకూ ఆ పిల్లకూ సమానంగ పడ్తదేంది?"

"పక్కపక్కన నిలబడి పనిచేస్తే సమానంగానే పడుతుందే. ఏంటి నీ గోల?" అన్నాడు.

ఆయన మాట తీరు అది. వాళ్ళది సత్తుపల్లి వైపు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. ఇంట్లో ఇప్పటికీ ఆ పలుకే. పెళ్ళయిన కొత్తలో ఆయనకూ నాకూ మధ్య ఒక్క మాట దగ్గర పెద్ద తగాదా ఉండేది. అన్నం తింటూ, "ఫ్యాను తీసెయ్" అన్నాడొకరోజు. నేను తలెత్తి ఫ్యాను వంక చూశాను. అంత పైన బిగించినదాన్ని ఎట్లా తీస్తారు, ఎవరినన్నా పిలవాలా అని అడిగాను. ఆయన తింటున్న అన్నం పొలమారింది.

మా ఇల్లందులో తలుపు తీస్తాం, తాళం తీస్తాం. తీశామంటే తెరుచుకున్నట్టు. ఆపాల్సినదాన్ని బంద్ చేస్తాం. ఆయనకేమో ఆగాల్సినవన్నీ తీసెయ్యడమే. లైటు తీసెయ్, టీవీ తీసెయ్, మోటారు తీసెయ్. ఒకరోజు మిద్దె మీద ట్యాంకు నిండి మెట్ల మీదుగా నీళ్ళు దూకుతుంటే, పైనుంచి "వాల్వు తీసెయ్, వాల్వు తీసెయ్" అని అరిచాడు. నేను పరుగెత్తి దాన్ని చివరికంటా తిప్పి పూర్తిగా తెరిచాను. నిలువెల్లా తడిసి కిందికొచ్చి, వాల్వును చూసి, నన్ను చూసి, మెట్ల మీద కూలబడి నవ్వాడు. ఆ మాట నాకు పూర్తిగా వంటబట్టడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు ఆయన తీసెయ్ అంటే నా చెయ్యి ఆలోచించకుండా స్విచ్చు ఆపేస్తుంది.

సంగతి జరిగింది మొన్నటి వానాకాలం షట్‌డౌన్‌లో. పొద్దున్నే ఇద్దరం ఒకే బండి మీద వచ్చాం. సారపాక కాగితం మిల్లుకు వెళ్ళే జామాయిలు లారీ ముందుండడంతో దారంతా నెమ్మదిగానే నడిపాడు. నేను ప్యానెల్ ముందు కూర్చున్నాను. ఆయనా ఆమే సూట్లు తొడుక్కుని లోపలికి వెళ్ళారు.

పాత్రలో గ్యాసు చాలావరకు ముందురోజే నిలవ ట్యాంకులోకి లాగేశాం. గొట్టాల మూలల్లో మిగిలింది కొంచెం. అది మూత వదులు చేసినప్పుడు బయటికొస్తుంది, దాన్ని ట్యాంకు పంపు లాక్కుంటుంది. ఆ పాత్ర నుంచి ఇంకో దారి కూడా ఉంది, బైపాస్. అది ట్యాంకుకు పోకుండా నేరుగా పొగగొట్టానికి పోతుంది. మామూలు గాలిని లాగడానికి దాన్ని కొంచెం తెరిచి ఉంచుతారు, మూత కదిలించేముందు మాత్రం దాన్ని గట్టిగా మూసెయ్యాలి. మూసే మోటారు చెడిపోయి, ఆ షట్‌డౌన్‌లో బాగుచెయ్యాల్సిన వాటిలో అదీ ఒకటిగా ఉంది. కాబట్టి చేత్తో చక్రం తిప్పాలి. చక్రం సీసపు ఇటుకల గోడ వెనక ఉంటుంది. ఆమె గోడ వెనక్కి వెళ్ళింది. ఆయన పాత్ర దగ్గర పానా పట్టుకుని నిలబడ్డాడు. నా ముందున్న కెమెరా తెరలో ఆయన వీపు ఒక్కటే కనపడుతోంది.

లోపల మాట్లాడేదంతా నా చెవిలోని స్పీకరుకు వస్తుంది. దానికొక పద్ధతి ఉంది. ఓపెన్ అనాలి, క్లోజ్ అనాలి, విన్నవాళ్ళు ఆ మాటనే తిరిగి చెప్పాలి. అందరూ అలాగే అంటారు, ఆయనా అలాగే అనేవాడు. ఆ రోజు సూటు లోపల ఉక్కబోసిందో, మనసు ఎక్కడుందో, "బైపాస్ తీసెయ్" అన్నాడు.

"తీసిన అన్నా" అంది ఆమె.

"సరే" అన్నాడు.

ఆ ఒక్క మాట తప్ప, పద్ధతి ప్రకారం అంతా సవ్యంగా జరిగినట్టే. ఒకరు చెప్పారు, ఇంకొకరు చేసి, చేశానని తిరిగి చెప్పారు. ఆయన మాట చెవిన పడగానే నేను కూడా హమ్మయ్య, మూసుకుంది అనుకున్నాను. తర్వాత ఆమె మాట చెవిలో మళ్ళీ మెదిలింది. తీసిన. తీసెయ్ ఆయన పలుకు. తీసిన ఆమె పలుకు, నా పలుకు. మా పలుకులో తీసిందంటే తెరిచిందనే.

నేను లేచేసరికే ఆయన పానా బోల్టు మీద పడింది. పొగగొట్టం మీటరులో అంకె కదిలింది.

పొగగొట్టం ఫ్యాను ఆపే బటన్ నా కుడిచేతి పక్కనే ఉంది. ఆపితే బయటికి పోయేది టక్కున ఆగిపోతుంది. మీటరు చూసి నన్ను ఎవరూ ఒక్క మాట అనరు. కానీ లోపలి గదిలో గాలి ఒత్తిడి బయటికంటే తక్కువగా ఉండేది ఆ ఫ్యాను వల్లే. అది ఆగితే గ్యాసు వాళ్ళిద్దరి మీదికే వస్తుంది. చెయ్యి అటు పోనివ్వలేదు. మైకు నొక్కి, "బంద్ జెయ్! బైపాస్ బంద్ జెయ్ పిల్లా! నువ్వు బోల్టు ముట్టకు!" అని ఆమెకొకటి, ఆయనకొకటి అరిచాను. ట్యాంకు పంపును పూర్తి వేగానికి పెట్టాను. స్పీకర్లో ఆమె ఆయాసం, చక్రం కిర్రుమన్న చప్పుడు. ఆయన వీపు బొమ్మలా కదలకుండా ఉంది. మీటరు అంకె హెచ్చరిక గీత దాటింది, పసుపు లైటు వెలిగింది, హారన్ మోగింది. ఆపైన ఉన్న ఎర్ర గీతకు అందకుండానే ఆగి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది.

కంచె దగ్గరి మీటర్లలో ఏమీ పడలేదు. ఊళ్ళకు ఏమీ కాలేదు, లోపలున్న ఇద్దరికీ ఏమీ కాలేదు. అయినా నిలవపెట్టాల్సిన గ్యాసు నిలవపెట్టకుండా బయటికి పోయింది. మా దగ్గర అది చిన్న విషయం కాదు, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

విచారణకు పై ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. ఉత్తరాది మనిషి, నెమ్మదస్తుడు, తెలుగు ఒక్క ముక్క రాదు. తర్జుమాకు ఖమ్మం నుంచి వచ్చిన మా ఆఫీసు గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. లోపలి మాటలన్నీ రికార్డవుతాయి గదా, అది వినిపించారు. తీసెయ్ అంటే ఏంటని సారు అడిగితే గుమాస్తా తడుముకోకుండా ఓపెన్ అన్నాడు. అంటే తెరవమని చెప్పింది మా ఆయనే, తప్పు ఆయనదే. మా ఆయన ఒప్పుకోలేదు. తీసెయ్ అంటే క్లోజ్ అండీ, నేను క్లోజ్ అనే చెప్పాను అన్నాడు. అదే నిజమైతే ఆమె మూయమంటే తెరిచింది, తప్పు ఆమెది. ఒకే మాటకు తెరవడమనీ మూయడమనీ రెండర్థాలు ఎలా ఉంటాయో సారుకు మింగుడుపడలేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని తేల్చుకున్నాడు. ఎవరో తేలాక ఆ మనిషిని లోపలి పని నుంచి తీసేస్తారని సాయంత్రానికి కేంద్రమంతా పాకింది. తీసెయ్యడమంటే అక్కడ మాత్రం ఎవరికీ రెండర్థాలు రాలేదు.

ఆయన పర్మనెంటు. లోపలి పని పోతే బయటి వర్క్‌షాపులో, మా ప్యానెల్ గది పక్కనే కూర్చోబెడతారు. ఆమె కాంట్రాక్టు మనిషి. ఆమెను తీసుకున్నదే లోపలి పనికి. అది పోతే గేటు దగ్గర కార్డు ఇచ్చేసి తండాకు పోవడమే.

మర్నాడు సాక్ష్యానికి నన్ను పిలిచారు. రెండు పలుకులూ తెలిసిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే. తీసెయ్ అంటే మూయడం అన్నానంటే ఆమె పోతుంది. తెరవడం అన్నానంటే ఆయన లోపలినుంచి బయటికొచ్చి నా పక్కన కూర్చుంటాడు. ఏది చెప్పినా వాళ్ళ జంట విడిపోతుంది. ఏదీ పూర్తి అబద్ధం కూడా కాదు. ఇంత సుఖం నా జీవితంలో ఎవరూ నా చేతిలో పెట్టలేదు. రెండూ నిజమే అని చెబితే మాత్రం వచ్చే షట్‌డౌన్‌కు ఇద్దరూ మళ్ళీ పక్కపక్కన నిలబడతారు, తెర మీద మళ్ళీ అదే అంకె.

పొద్దున బండి మీద ఆయనే కదిలించాడు. "ఏం చెబుతావు?"

"ఏమడిగితే గది."

"తీసెయ్ అంటే ఏంటో నీకు తెలుసు కదా. అది చెప్పు చాలు."

"చెప్తే ఆ పిల్ల పని పోతది."

బండి వేగం తగ్గింది. తర్వాత, "నేను మాత్రం ఏం చేయను? తెరవమన్నానని అబద్ధం ఆడమంటావా? నిజానికి ఆ పిల్ల లేకపోతే లోపల పని సాగదే" అన్నాడు.

ఆ చివరి మాట అనకపోతే ఏం పోయేది! ఆమె మీద ఏ మూలో పుట్టబోతున్న జాలి కాస్తా అక్కడే ఆవిరైపోయింది. మూయడమే, మూయడమే అని చెప్పాలని నిశ్చయం చేసుకుని బండి దిగాను.

విచారణ గదిలో నాకంటే ముందు ఆమెను అడిగారు. ఎందుకు తెరిచావంటే, "అన్న తీసెయ్ అన్నడు సార్, ఇంకింత గాలి గుంజేతందుకేమో అనుకుని తీసిన" అంది. ఆయన మూయమన్నానంటున్నాడే అన్నారు. అప్పటిదాకా తలవంచుకున్న మనిషి తలెత్తింది.

"అన్న మాట నాకు తెల్వదా సార్? ఇన్నేండ్ల సంది ఆయనతోటే జేస్తున్న. ఆయన ఏమంటే ఏందో నాకు తెల్వదా?"

నన్నింకా ఎవరూ పిలవలేదు. అయినా లేచి నిలబడ్డాను.

"నీకు తెల్వదు" అన్నాను.

గదిలో అందరూ నావైపు తిరిగారు. సారు చేత్తో కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"ఆమెకు తెల్వదు సార్. నాకు తెల్సు. ఆయన ఇంట్ల లైటు తీసెయ్ అంటే బంద్ చెయ్యమని. ఫ్యాను తీసెయ్ అన్నా బంద్ చెయ్యమనే. వాళ్ళ దిక్కు గట్లనే అంటరు. మా దిక్కు తియ్యుడంటే తెరుసుడు. లగ్గం జేసుకుని ఒక్క ఇంట్ల ఉండి, ఆయన మాట నాకు సమజయ్యేతందుకే ఏడాది పట్టింది. ఈమెకెట్ల తెలుస్తది? ఈమె మా ఇంట్ల ఉంటదా? ఈమెకెన్నడన్న ఫ్యాను తీసెయ్ అని చెప్పిండా? ఆయన ఇంటి మాట తీస్కపోయి లోపల వాడిండు. ఈమె తనకొచ్చిన మాట ఇన్నది. గంతే."

గుమాస్తా తర్జుమా చేస్తూ చేస్తూ ఫ్యాను దగ్గర ఆగిపోయాడు. సారుకు నమ్మకం కలగలేదు. పరీక్ష పెడతానన్నాడు. తలుపు దగ్గరున్న గార్డును పిలిచి, ఏసీ వైపు వేలు చూపించి, తన యాసలో "ఏసీ తీసెయ్" అన్నాడు. గార్డుది మధిర. ఠక్కున వెళ్ళి ఏసీ ఆపాడు. సారు మళ్ళీ వేయించి, గది ఊడ్చే ఆమెను పిలిచాడు. ఆమెది ఇల్లందు పక్క పల్లె. అదే మాట అన్నాడు. ఆమె ఏసీని కిందినుంచి పైకి చూసి, చీపురు పక్కన పెట్టి, "తీసి యాడ పెట్టాలె సార్?" అంది.

గుమాస్తా నవ్వు ఆపుకోలేకపోయాడు. సారు కూడా నవ్వాడు. విచారణ అక్కడితో తేలిపోయింది.

ఎవరినీ తీసెయ్యలేదు. లోపలి గదిలో ఓపెన్, క్లోజ్ తప్ప ఇంకో మాట వాడితే పని అక్కడికక్కడే ఆపాలని ఉత్తర్వు వచ్చింది. బైపాస్ మోటారు బాగుచేసేదాకా పాత్ర మూత ముట్టొద్దన్నారు. జట్టు మాత్రం పాతదే. ఆయన, ఆమె.

నేను పెద్ద మనసు చేసుకుని ఒక కాంట్రాక్టు పిల్లను కాపాడానని క్యాంటీన్లో అందరూ మెచ్చుకున్నారు. అందులో నా మనసు పెద్దదనం ఏమీ లేదు. మూయడమని చెప్పి ఆమెను పంపించెయ్యడానికే వెళ్ళాను. అన్న మాట నాకు తెల్వదా అని ఆమె అనేసరికి ఒళ్ళు మండింది. ఆమె ఉద్యోగం పోవడం కంటే, ఆయన మాట ఆమెకు తెలియదని పదిమంది ముందు రుజువు కావడం నాకు ముఖ్యమైపోయింది. అయింది కూడా. ఆఫీసు కాగితం మీద టైపయింది. ఆ రోజంతా గాల్లో తేలుతున్నట్టు ఉన్నాను.

సాయంత్రం బండ్లు పెట్టేచోట ఆమె నాకోసం ఆగి ఉంది. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నాకు గిట్టని ఆ నవ్వు.

"సల్లగుండక్కా. నువ్వు లేకుంటె నా పని పోతుండె."

గెలిచినదాన్ని గదా, నేనూ కొంచెం దయ చూపించాను. "ఊకో. ఆయన మాట సమజ్ గావాలంటె ఇంట్ల ఉండాలె. నీకు తెల్వకపోవుడు నీ తప్పు గాదు" అన్నాను.

"అవ్ అక్కా, నిజమే. సారు ముంగట జోష్ మీద తెల్సని అన్న గని, నేను అన్న మాట ఎన్నడు సక్కగ ఇన్నది లేదు. మాస్కులకెల్లి ఏం ఇనపడ్తది, అంత గురగుర. నేను ఆయన చేతులు చూస్త."

"చేతులేంది?"

"చేతులే అక్కా. పని ఆపుదామనుకుంటె మాట అనకముందే ఎడమ చెయ్యి మెల్లగ ఎనకకు వోతది. బొటనవేలు లోపలికి మడిచిండంటె మనసు బాగలేదన్నట్టు. ఆ దినం నేనే ముంగట నిలబడి బోల్టులు చూసుకుంట, అన్నను ఎక్కువ చెయ్యనియ్య. మొన్న నడుమ గోడ అడ్డమొచ్చింది గద, చేతులు కనపళ్ళె. గందుకే మాట ఇని జెయ్యవలసొచ్చింది." స్కూటీ తాళం తిప్పి, ఏదో గుర్తొచ్చినట్టు నావైపు చూసింది. "మొన్న పొద్దుగాల సూటు తొడుక్కునేటప్పుడే వేలు మడిచి ఉండె. ఇంట్ల ఏమన్న కొట్లాడిన్రా అక్కా?"

కొట్లాడాం. ఆమె గురించే.

"లేదు, ఏం కొట్లాట!" అన్నాను. ఆమె తలూపి, మిర్చి నారుకు వాన సరిపోయిందని ఏదో చెప్పి, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆయన అన్నం తింటున్నప్పుడు ఎదురుగా కూర్చుని చేతులు చూస్తున్నాను. బొటనవేలు అన్నం కలుపుతుంది, లోపలికి మడతపడుతుంది, మళ్ళీ విచ్చుకుంటుంది. ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంటుంది, కాసేపటికి పక్కకు పోతుంది. ఇన్నేళ్ళుగా ఈ చేతులకు వడ్డిస్తున్నాను. ఒక్క ముక్క తెలియడం లేదు.

"ఏంటలా చూస్తున్నావు?" అంటాడు.

"ఏం లేదు, తిను" అంటాను.